నాన్న పనిముట్ల పెట్టె, సెల్లార్‌లో మూడు సైకిళ్ళు: ఎవరికిస్తే నిజంగా వాడతారు?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం కుషాయిగూడ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా నాన్నగారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో 31 ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, పోయినేడు శ్రావణంలో కాలం చేశారు. ఆయన పనిముట్ల పెట్టె ఒకటుంది, ఇనుపది, ఇద్దరు పడితేగానీ లేవదు. పానాలు, ఆకురాళ్ళు, హ్యాక్సా, బెంచ్ వైస్, డ్రిల్లింగ్ మెషీన్, గ్రైండర్, ఇంకా చిన్న చిన్న చెక్క డబ్బాల్లో నాకు పేర్లు తెలియనివి ఏవో ఉన్నాయి. సెల్లార్‌లో మూడు సైకిళ్ళు: బాబు చిన్నప్పటి 20 అంగుళాలది, వాడు ఇంటర్‌లో పట్టుబట్టి కొనిపించుకున్న గేర్ల సైకిల్, నాన్నగారి పాత నల్ల అట్లాస్. నెలాఖరులోగా తీయకపోతే పాత సామాన్లకి వేసేస్తాం అని అసోసియేషన్ వాళ్ళు నోటీసు అంటించారు. తమ్ముడు అన్నీ అమ్మేద్దాం అంటాడు, అమ్మేమో నాన్న సైకిల్ ముట్టుకోనివ్వదు. నాకు మాత్రం ఎవరికైనా పనికొచ్చేలా ఇవ్వాలని ఉంది. ఏ సంస్థకి ఇవ్వాలి, ఇస్తే నిజంగా వాడతారా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: 'నిజంగా వాడతారా' అన్నారు చూడండి, ఆ ప్రశ్న నేను చాలా ఆలస్యంగా అడగడం నేర్చుకున్నా. ఏడెనిమిదేళ్ళ కింద మా కాలనీలో నలుగురం కలిసి పిల్లలు వదిలేసిన సైకిళ్ళు ఐదు పోగేశాం, కడిగాం, తుడిచాం, ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఊరి బయట పిల్లల హాస్టల్ ఒకటుంటే అక్కడ దింపి ఫొటో కూడా దిగి వచ్చాం. తర్వాత ఆరేడు నెలలకి వేరే పని మీద అటు వెళ్తే ఐదూ వేపచెట్టుకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. రెండింటి టైర్లు నేలకి అతుక్కుపోయాయి, ఒకదాని చైన్ తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. వార్డెన్‌ని అడిగితే ఆయన ఉన్నమాట చెప్పారు, ఇక్కడ గాలి పంపు లేదమ్మా, పంక్చర్ షాపు నాలుగు కిలోమీటర్లు, నలభై మంది పిల్లల్లో ఐదుగురికి ఎవరికని ఇయ్యాలె, ఒకరికిస్తే మిగతావాళ్ళు ఏడుస్తరు అని. ఆయన తప్పేం లేదు. మేం ఆ రోజు ఆయన నెత్తిన ఐదు పనులు పెట్టి ఇంటికొచ్చేశాం, అంతే. అప్పట్నించీ నేను పట్టుకున్నది ఒక్కటే, బండి మర్నాడు పొద్దున ఎక్కి తొక్కుకుపోయేలా ఉండాలి, తొక్కేది ఎవరో ముందే తెలిసుండాలి. ఈ రెండూ అయ్యాకే ఇల్లు దాటించాలి. మీకు నెలాఖరు దాకా టైముంది కదా, ఈ రెండూ చేయడానికి అది చాలు.

ముందు సైకిళ్ళ సంగతి. ఏ సంస్థకీ ఫోన్ చేయకముందే బాబు రెండు సైకిళ్ళనీ మీ దగ్గర్లో ఉన్న సైకిల్ మెకానిక్ దగ్గరికి తోసుకెళ్ళండి. షోరూమ్ అవసరం లేదు, చెట్టు కిందో గోడ పక్కనో తొట్టిలో నీళ్ళు పెట్టుకుని కూర్చునే ఆయన చాలు, ఇలాంటివాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు గానీ ప్రతి బస్తీలో ఇంకా ఒకరైనా ఉన్నారు. మా వైపు ఒక చాచా ఉన్నారు. పోయిన దసరా సెలవుల్లో ఒక సైకిల్ తీసుకెళ్తే దాన్ని తలకిందులుగా సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టి వెనక చక్రం ఒక్కసారి తిప్పి, రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో బొటనవేలు పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. చక్రం తిరిగి తిరిగి ఒకచోట వేలికి తగిలింది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, 'రిమ్ము సీదానే ఉందమ్మా, రెండు పుల్లలు లూజున్నయ్, గంతే' అన్నారు. తర్వాత ట్యూబు విప్పి గాలి కొట్టి నీళ్ళలో ముంచితే మూడుచోట్ల బుడగలు వచ్చాయి, మూడు ప్యాచీల ట్యూబు ఇచ్చుడెందుకు, కొత్తది వేస్తా అన్నారు. నేను అతుకు వేయమని ఉండేదాన్ని, ఆయన అలా అన్నాక సిగ్గేసింది. రెండు ట్యూబులు, ఒక టైరు, బ్రేకు రబ్బర్లు, చక్రాల్లో గోళీలు (బేరింగులు) కడిగి గ్రీజు పెట్టడం, చైన్‌కి ఆయిలు, అన్నీ కలిపి 900 దాటలేదు. ఆ డబ్బు కూడా దానంలో భాగమే అనుకోండి, నన్నడిగితే అసలు దానం అదే, సైకిల్ ఎలాగూ మీకు అక్కర్లేనిది కదా. ఎంత ఖర్చయినా బాగుపడదు అని మెకానిక్ చెప్తే (ఫ్రేము విరిగి వెల్డింగ్ పెట్టింది, ముందు ఫోర్కు వంగింది ఇలాంటివి) నిర్మొహమాటంగా ఇనుముకి వేసేయండి, లేదా ఆయనకే విడిభాగాలకి వదిలేయండి, ఇంకో రెండు సైకిళ్ళు బతుకుతాయి. మన పిల్లల్ని ఎక్కించడానికి జంకే బండిని ఇంకొకరి పిల్లలకి ఇవ్వకూడదు.

బ్రేకులు ముందువీ వెనకవీ రెండూ పట్టాలి. బెల్లు ఉండాలి. తాళం ఉండాలి, 150 రూపాయల చైన్ తాళమైనా సరే, ఎందుకంటే తాళం లేని సైకిల్ బస్తీలో వారం నిలవదు, పిల్లాడు ఏడుస్తాడు, వాళ్ళమ్మ 'ఇచ్చినోళ్ళది కూడా పోగొట్టినవ్' అని కొడుతుంది. చేతిపంపు ఒకటి తోడివ్వగలిగితే ఇక తిరుగులేదు.

20 అంగుళాలది ఆరేడేళ్ళ నించి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి సరిపోతుంది. ఆ వయసు పిల్లలు స్కూలుకి సొంతంగా తొక్కుకుంటూ పోరు, ఆడుకుంటారు. ఆడుకోడానికి సైకిలా అని చిన్నచూపు వద్దు, మీ వాచ్‌మన్ గారికి గానీ ఇస్త్రీ బండి వాళ్ళకి గానీ ఆ ఈడు పిల్లలుంటే అంతకన్నా మంచి చోటు లేదు. కాకపోతే అదే కాంపౌండ్‌లో మీ పక్క ఫ్లాట్ పిల్లలు 'అది మా ఫ్రెండ్ పాత సైకిల్' అంటారేమో అని ఒక్కసారి ఆలోచించండి. వాచ్‌మన్ భార్యని పక్కకి పిలిచి, అమ్మాయ్ ఇట్లా ఉంది, మీవాడికి కావాలా, వద్దన్నా నేనేం అనుకోను అని అడగండి. వద్దనడానికి వీలుండేలా అడగాలి. మనింట్లో పనిచేసేవాళ్ళు మనం ఇచ్చింది వద్దనలేరు, అక్కర్లేకపోయినా తీసుకెళ్ళి గుడిసె ముందు పెట్టుకుంటారు, వాళ్ళకి మాత్రం ఎక్కడిది జాగా.

స్కూలుకి వెళ్ళే పిల్లలకి ఇవ్వాలంటే దూరం చూడాలి. 2006లో బిహార్‌లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం 2000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది, దాని మీద కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, చేరికల్లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. అందులో ఎక్కువ మార్పు కనపడింది ఎక్కడో తెలుసా, హైస్కూలు 3 కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్ళలో. స్కూలు పక్క వీధిలోనే ఉన్న పిల్లకి సైకిల్ వల్ల పెద్దగా మారేదేం లేదు, అదే తండా నించి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చే పిల్లకి అది చదువు ఆగడానికీ ఆగకపోవడానికీ మధ్య తేడా. మీరు కుషాయిగూడలో ఉన్నారు కదా, కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట్ అన్నీ మీకు దగ్గరే. అటు ఏదైనా ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి పొద్దున పది లోపు వెళ్ళి హెడ్‌మాస్టర్ గారిని కలవండి. 'సైకిల్ ఇస్తాం' అని మొదలుపెట్టకండి, 'మీ దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో అందరికన్నా దూరం నించి నడిచొచ్చేది ఎవరు' అని అడగండి, ఏ స్కూల్లో అయినా టీచర్లకి ఆ పేర్లు నోటికొచ్చే ఉంటాయి. ఆ పిల్ల ఎత్తు కనుక్కోండి, వాళ్ళింట్లో సైకిల్ తొక్కనిస్తారా కనుక్కోండి, దారిలో గాలి కొట్టే చోటుందా చూడండి. ప్రార్థన టైమ్‌లో అందరి ముందు నిలబెట్టి ఇవ్వొద్దని సార్‌తో చెప్పండి, ఫొటో అసలే వద్దు. నా దగ్గర ఆ ఐదు సైకిళ్ళ ఫొటో ఇప్పటికీ ఉంది, ఎప్పుడు చూసినా ఆ వేపచెట్టే కనపడుతుంది.

మీ గేర్ల సైకిల్‌ని మాత్రం ఊరికి పంపొద్దు. ఇది నేను గట్టిగా చెప్తా, ఎందుకంటే అందరూ మంచి సైకిల్ కదా, ఊళ్ళో పిల్లలకిస్తే సంతోషపడతారు అనుకుంటారు. సంతోషపడతారు, నెల రోజులు. ఎక్కడో రాయికి తగిలి వెనకున్న గేర్ మార్చే కొక్కెం వంగిందా, ఇక చైన్ నిలవదు, ఊళ్ళో మెకానిక్ దగ్గర ఆ పార్టు ఉండదు, సిటీకి తేవాలంటే చార్జీలు. వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అని అమెరికా సంస్థ ఒకటి ఉంది, 2004 డిసెంబర్ సునామీ తర్వాత శ్రీలంకలో సైకిళ్ళు పంచడంతో 2005లో మొదలైంది, తర్వాత ఆఫ్రికాలో పనిచేస్తోంది. వాళ్ళు సొంతంగా బఫెలో అని ఒక సైకిల్ చేయించుకున్నారు, దానికి చాలా ఏళ్ళు గేర్లు పెట్టనే లేదు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, వంద కిలోలు మోసే క్యారియర్, అక్కడ దొరికే విడిభాగాలు, పైగా ఊళ్ళలో మెకానిక్‌లకి ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. సైకిల్‌తోపాటు దాన్ని బాగుచేసే మనిషి కూడా ఉండాలి అని వాళ్ళకి అర్థమైంది. మనకీ అదే వర్తిస్తుంది. కాబట్టి గేర్ల సైకిల్ సిటీలోనే, పెద్దవాళ్ళకి ఇవ్వండి. నైట్ షిఫ్ట్ సెక్యూరిటీ గార్డులు, హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళు, అపార్ట్‌మెంట్ హౌస్‌కీపింగ్ వాళ్ళు తెల్లవారుజామున బస్సులు లేని టైమ్‌లో ఎంత దూరం నడుస్తారో ఎప్పుడైనా ఐదింటికి రోడ్డు మీదకొస్తే తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలయ్యాక మాకు తెలిసినవాళ్ళే ముగ్గురు కొత్త సైకిళ్ళు కొని పాతవి సెల్లార్‌లో పడేశారు, వాటిలో రెండు ఇప్పుడు ఇలాగే డ్యూటీలకి తిరుగుతున్నాయి. మెకానిక్‌ని అడిగితే గేర్లు పీకేసి ఒకే గేర్‌కి మార్చి ఇస్తాడు కూడా, తీసుకునేవాళ్ళకి ఏది కావాలో అడిగి చేయించండి.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. ఖరీదైన సైకిల్ మీద మామూలు బట్టల్లో కుర్రాడు పోతుంటే ఎక్కడో ఒకచోట ఆపి 'ఇది ఎక్కడిదిరా' అని అడుగుతారు. పెడల్ ఇరుసు కింద ఫ్రేము మీద ఒక నంబర్ గుద్ది ఉంటుంది, మట్టి గోకితే కనపడుతుంది. ఆ నంబర్, రంగు, కంపెనీ రాసి, 'ఈ సైకిల్ మాది, ఫలానా వారికి ఫలానా తేదీన ఇచ్చాం' అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, కొన్న బిల్లు ఉంటే జిరాక్స్ జతచేసి వాళ్ళ చేతికివ్వండి. పనిముట్లకి కూడా ఇదే చేయండి. ఐదు నిమిషాల పని, ఆ కుర్రాడికి ఎంత ధైర్యమో.

ఇప్పుడు పెట్టె. నాకు అసలు మనసు పడింది దీని మీదే.

మీరు పేర్లు తెలియవన్న చెక్క డబ్బాలు ముందు తెరవండి. 31 ఏళ్ళు ఫిట్టర్‌గా చేసిన మనిషి డబ్బాలో పెట్టి దాచుకున్నాడంటే అవి బహుశా కొలత పరికరాలై ఉంటాయి: వెర్నియర్ క్యాలిపర్, మైక్రోమీటర్, డయల్ గేజ్ లాంటివి. మైక్రోమీటర్ మిల్లీమీటర్‌లో వందో వంతు కొలుస్తుంది. పాత సామాన్ల ఆయనకి అది పావుకిలో ఇనుము, లేత్ మీద పని నేర్చుకుంటున్న కుర్రాడికి మంచిది కొత్తది కొనాలంటే కొన్ని వేలు. వాటిని గరుకు కాగితంతో మెరిపించే పని మాత్రం పెట్టుకోకండి, కొలిచే ముఖాలు అరిగితే ఇక అది పనికిరాదు. మెత్తటి బట్టతో తుడిచి, చుక్క మెషీన్ ఆయిల్ రాసి, మైక్రోమీటర్ నోరు పూర్తిగా మూయకుండా సన్న సందు వదిలి డబ్బాలో పెట్టండి.

ఇవన్నీ ఏంటో చెప్పడానికి మీకు సంస్థ కాదు, నాన్నగారితో పనిచేసిన ఒక మనిషి కావాలి. దినాలకి వచ్చినవాళ్ళలో ఆయన షాప్‌లో వాళ్ళు ఉండే ఉంటారు కదా. ఒకాయన్ని ఆదివారం కాఫీకి పిలిచి పెట్టె ముందు కూర్చోబెట్టండి. ఆయనే చెప్తారు ఏది ఏంటో, ఏది అరిగిపోయిందో, ఏది ఇప్పుడు దొరకదో, ఏ పానా మీ నాన్నగారు సొంతంగా అరగదీసి చేసుకున్నదో కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా, 'మీ నాన్న దగ్గర పని నేర్చుకున్న పిల్లలెవరైనా ఉన్నారా' అని అడగండి. ఫిట్టర్లు, టర్నర్ల చేతికింద ఎప్పుడూ ఎవరో ఒక కుర్రాడు ఉంటాడు, ఇప్పుడు వాడికి నలభై ఏళ్ళొచ్చి బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో చిన్న షెడ్డు పెట్టుకుని ఉంటాడు, వాడి కింద ఇద్దరు పిల్లలుంటారు. ఆ కొలత పరికరాలకి, వైస్‌కి అంతకంటే దగ్గరి వారసులు నాకైతే కనపడరు.

అలా ఎవరూ దొరక్కపోతే ఐటీఐ. ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్ళ కోర్సు, మల్లేపల్లిలో, సనత్‌నగర్‌లో గవర్నమెంట్ ఐటీఐలున్నాయి. కానీ ఐటీఐకి ఇవ్వకండి, ఐటీఐలో కుర్రాడికి ఇవ్వండి. రాష్ట్రంలో 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లి నించే మొదలుపెట్టారు, కొత్త మెషీన్లు వస్తున్నాయి, వాళ్ళ స్టాక్ రిజిస్టర్‌లోకి మీ పాత వైస్ ఎక్కడం కష్టం, ఎక్కినా అల్మారాలో పడుంటుంది. ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌ని కలిసి, ఈ ఏడాది పాసై వెళ్ళేవాళ్ళలో చేతిపని బాగా వచ్చి, ఇంట్లో ఇబ్బంది ఉన్న పిల్లలెవరని అడగండి. బాలానగర్‌లో 1968 నించి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, మీ నాన్నగారికి బాగా తెలిసిన చోటే అయ్యుంటుంది, అక్కడ డిప్లొమా చదివే పిల్లల్లో కూడా ఇలాంటివాళ్ళు దొరుకుతారు.

మిగతా పనిముట్లని విడివిడిగా పంచకండి. ఒకరికి సుత్తి, ఒకరికి రెండు పానాలు, ఒకరికి స్క్రూడ్రైవర్ ఇస్తే ఎవరికీ పని మొదలవదు. ఇంగ్లండ్‌లో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అని 1979 నించి ఒక సంస్థ ఉంది, జనం ఇచ్చిన పాత పనిముట్లని వాలంటీర్లు కూర్చుని తుప్పు వదిలించి, సానబెట్టి, పిడులు మార్చి, వడ్రంగికి ఒక కిట్, కుట్టుపనికి ఒక కిట్, మెకానిక్‌కి ఒక కిట్ అని ఒక్కో పనికి ఒక్కో పెట్టెగా సర్ది ఆఫ్రికా పంపిస్తారు. నాకు వాళ్ళ పద్ధతిలో నచ్చింది అదే. మీ పెట్టెలోంచి ఎలా లేదన్నా రెండు కిట్లు వస్తాయి. పానాలు, ప్లయర్లు, సుత్తి, స్క్రూడ్రైవర్లు కలిపి టూవీలర్ మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాడు సొంతంగా కూర్చోడానికి ఒకటి, హ్యాక్సా, డ్రిల్లింగ్ మెషీన్, చిన్న పానాలు కలిపి ప్లంబర్‌కో ఎలక్ట్రీషియన్‌కో ఒకటి.

ఈ రెండు పనులే ఎందుకన్నానంటే, కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15,000 రూపాయల సాయం ఇస్తారు, అది 18 రకాల వృత్తులకి వర్తిస్తుంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రి, దర్జీ, చెప్పులు కుట్టేవారు, మంగలి ఇలా ఉన్నాయి అందులో. ప్లంబర్ లేడు, ఎలక్ట్రీషియన్ లేడు, బండి మెకానిక్ లేడు. మీకు తెలిసిన వడ్రంగి ఎవరైనా ఉంటే ఆయనకి ఆ పథకం సంగతి చెప్పి కామన్ సర్వీస్ సెంటర్‌లో రిజిస్టర్ చేయించండి, అది కూడా సాయమే, మీ పెట్టెని మాత్రం ఆ లిస్టులో లేనివాళ్ళకి దాచండి. పోయిన ఎండాకాలం మా బాత్రూమ్ పైపు పనికొచ్చిన అబ్బాయి డ్రిల్లింగ్ మెషీన్ రోజుకి 200 అద్దెకి తెచ్చుకున్నాడు. పని మధ్యాహ్నానికి అయిపోయింది, సాయంత్రం దాకా ఇంకో పని దొరకలేదు, అద్దె మాత్రం పూర్తిగా కట్టాడు. పొద్దున్నే కూకట్‌పల్లి కూలీల అడ్డా మీదో ఎల్బీనగర్ అడ్డా మీదో నిలబడే వాళ్ళలో సొంత సామాను ఉన్నవాడికీ లేనివాడికీ కూలిలోనే తేడా ఉంటుంది. అలా అని అడ్డాకి వెళ్ళి పెట్టె తెరిచి పంచకండి, తోపులాట అవుతుంది. మీ ఇంటికి పనికొచ్చే మేస్త్రిని అడిగితే, పని వచ్చి సామాను లేని మనిషి పేరు ఆయనే చెప్తాడు.

తుప్పు సంగతి తేలికే. పానాలు, సుత్తి తలలు రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున వైర్ బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి తీసి, ఎండలో బాగా ఆరబెట్టి, పలచగా ఆయిల్ రాయండి. ఆకురాళ్ళకి మాత్రం నూనె రాయొద్దు, రాస్తే లోహం మీద పట్టు లేకుండా జారతాయి, పళ్ళ వెంట బ్రష్ కొడితే చాలు. పిడి లేని ఆకురాయి అస్సలు ఇవ్వకండి, వెనకున్న మొన అరచేతిలో దిగుతుంది, చెక్క పిడి 20, 30 రూపాయలకి రాణిగంజ్‌లో దొరుకుతుంది. డ్రిల్లింగ్ మెషీన్ వైరు ఎక్కడన్నా తెగి టేపు చుట్టి ఉంటే కొత్త వైరు వేయించండి, వర్షాకాలం తడి గోడ దగ్గర పట్టుకునేది ఒక మనిషి. గ్రైండర్‌కి ఇనుప గార్డు ఉందా చూడండి, చాలామంది పనికి అడ్డమని పీకేసి పడేస్తారు, గార్డు లేకపోతే కొని బిగించాకే ఇవ్వండి, దొరక్కపోతే ఆ గ్రైండర్ ఎవరికీ వద్దు. పెట్టెలో పాత డిస్కులు ఉంటే అవి కొత్తగా కనపడినా పడేయండి, డిస్కు మధ్యలో ఎక్స్‌పైరీ ముద్రించి ఉంటుంది, మామూలుగా తయారైనప్పట్నించి మూడేళ్ళు, ఆ తర్వాత తిరిగేటప్పుడు పగిలి ముఖం మీదకి రావచ్చు. నాన్నగారి కళ్ళజోడు, అదే గ్రైండింగ్ అద్దాలు, ఉంటే వాటితో కలిపి ఇవ్వండి.

సంస్థల మాట కూడా చెప్పాలి కదా. గూంజ్ అని ఢిల్లీలో 1999లో అంశు గుప్తా మొదలుపెట్టింది, ఆయనకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది, హైదరాబాద్‌లో కూడా వాళ్ళు సామాను తీసుకుంటారు. బట్టలు, గిన్నెలు, స్కూలు సామాను, బొమ్మలు ఇలాంటివి ఇల్లు సర్దుతుంటే ఎలాగూ బయటపడతాయి, అవి వాళ్ళకి ఇవ్వొచ్చు. సైకిలు, బరువైన పనిముట్లు అయితే ముందు ఫోన్ చేసి తీసుకుంటారా అని అడిగాకే బయల్దేరండి. ఏ సంస్థ అయినా 'ఇది ఎవరికి వెళ్తుంది, రిపేరు ఎవరు చూసుకుంటారు' అని అడిగితే విసుక్కోకుండా చెప్పాలి. 'మీరు దింపి వెళ్ళండి మేడమ్, మేం చూసుకుంటాం' అంటే నేనైతే వెనక్కి తెచ్చేసుకుంటా. తమ్ముడు ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు వస్తుందా అని అడగొచ్చు, రాదు. దానాల మీద ఇచ్చే ఆ మినహాయింపు వస్తువుల రూపంలో ఇచ్చినదానికి లేదు, డబ్బైనా 2000 దాటి నగదుగా ఇస్తే లేదు.

తమ్ముడి గురించి కోపం పెట్టుకోకండి. ఆయన్ని లెక్కలోకి లాగండి. ఇనుము కింద వేస్తే కిలో ముప్పై రూపాయలు అటూ ఇటూగా వస్తుంది, పాత నల్ల సైకిల్ బరువు ఇరవై కిలోలుంటుంది, అంటే ఐదారు వందలు, పెట్టె మొత్తానికి ఇంకో రెండు మూడు వేలు. ఈ మాత్రం దానికా అని ఆయనకే అనిపిస్తుంది. ఎవరికీ అక్కర్లేని అరకొర సామాను కొంత మిగులుతుంది చూడండి, అది తీసుకుని ఆయన్ని గురువారం పొద్దున పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్‌కో, ఆదివారం ఎర్రగడ్డ సంతకో పంపండి. అక్కడ పాత పనిముట్ల విలువ తెలిసినవాళ్ళు కూర్చుంటారు, వచ్చిన డబ్బుతో కిట్లలో తక్కువైన పానాలు, ప్లయర్లు అక్కడే కొనుక్కురావచ్చు, సైకిళ్ళ రిపేరు కూడా అందులోనే వెళ్ళిపోతుంది. అమ్ముదాం అన్న ఆయన మాటా నిలబడుతుంది.

ఇక అట్లాస్. అది ఇవ్వొద్దు. కనీసం ఇప్పుడు వద్దు. మీ అమ్మగారు ఏడాది కూడా సరిగా నిండకుండా ఆయన చెప్పులు, ఆయన కంచం, ఆయన కుర్చీ అన్నీ ఒక్కొక్కటిగా కదలడం చూసి ఉంటారు, ఆయన రోజూ డ్యూటీకి తొక్కుకెళ్ళిన సైకిల్ దగ్గర ఆగిపోయారు. దాన్ని అలా తుప్పు పట్టనివ్వడం కూడా ఆవిడకి బాధే. బాబు సైకిళ్ళతోపాటు దాన్నీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఢిల్లీ దగ్గర సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ వాళ్ళ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే మూతపడింది గానీ ఆ మోడల్ నల్ల సైకిళ్ళకి టైరు, ట్యూబు, బ్రేకు రాడ్లు ఇప్పటికీ ఏ సైకిల్ షాపులో అయినా దొరుకుతాయి. బాగుచేయించి తెచ్చి అమ్మగారిని సెల్లార్‌కి పిలిచి చూపించండి. పెట్టెలో ఏ సామాను ఎవరికి వెళ్తోందో కూడా ఆవిడతోనే అనండి, ఆ పాత శిష్యుల పేర్లు మీకన్నా ఆవిడకే ఎక్కువ గుర్తుంటాయి, వాళ్ళందరికీ ఆవిడే కదా టీ పెట్టింది. పెట్టె తీసుకోడానికి ఆ మనిషి ఇంటికొచ్చినప్పుడు ఆవిడ చేత్తోనే ఇప్పించండి. అసోసియేషన్‌కి మాత్రం ఇవాళే ఒక కాగితం రాసివ్వండి, రెండు సైకిళ్ళు నెలాఖరుకి తీసేస్తున్నాం, నల్ల సైకిల్ వాడకంలో ఉంది, మా పార్కింగ్ గీత లోపలే పెట్టుకుంటాం అని. వాడకంలో ఉంది అన్న మాట నిజం కావాలి కాబట్టి తమ్ముణ్ణి ఆదివారం ఆదివారం దాని మీద పాల ప్యాకెట్లకి పంపండి.